లీజు గడువు ముగుస్తోంది: కారు కొనేయాలా, తిరిగిచ్చేయాలా?

లీజు ఇంకా మూడు నెలల్లో ముగుస్తుందనగా ఫైనాన్సు కంపెనీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. అభినందనలతో మొదలై, మీ ముందున్న దారులంటూ మూడు రంగుల బొమ్మలు చూపించి, డీలరు ఫోన్ నంబరుతో ముగుస్తుంది. అసలు లెక్క మాత్రం అందులో ఉండదు. అమెరికాలో మూడేళ్ల లీజు మీద కారు తీసుకున్న తెలుగువారి ఇళ్లలో, అది డాలస్ అయినా ఎడిసన్ అయినా ఫ్రీమాంట్ అయినా, ఈ సమయంలో వినిపించే మాట ఒకటే: "మూడేళ్లు కట్టాం, ఇప్పుడు వదిలేస్తే ఆ డబ్బంతా పోయినట్టే కదా!"

పోయినట్టే. కొన్నా పోయినట్టే. నెలనెలా కట్టింది కారు విలువలో తరిగిన భాగానికీ, దాని మీద వడ్డీకీ. మీరు ఏ దారి పట్టినా అందులో ఒక్క డాలరు తిరిగి రాదు. కాబట్టి దాన్ని లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ఈ రోజు ఈ కారు సొంతం కావాలంటే మొత్తం ఎంతవుతుంది, ఇలాంటి కారే బయట కొంటే ఎంతవుతుంది? తేల్చవలసింది ఈ రెండు అంకెల మధ్య తేడా. మిగిలినవన్నీ దాని చుట్టూ చేసే సవరణలు.

## ముందు చేతిలో ఉండాల్సిన అంకెలు

ఒప్పందంలోని కొనుగోలు ధర. లీజు మొదలైన రోజే, ముగిసే నాటికి కారు విలువ ఇంత ఉంటుందని ఫైనాన్సు కంపెనీ ఒక అంచనా వేసి రాసుకుంటుంది. అదే రెసిడ్యువల్. గడువు చివర కొనుక్కునే హక్కు మీకు ఉంటే దాని ధర ఎంతో ఒప్పందంలో రాసి తీరాలని 1976 నాటి వినియోగదారుల లీజింగ్ చట్టం చెబుతోంది. కాబట్టి డీలరును అడగకండి, మీ కాగితాలు తీసి చూడండి. కొన్ని ఒప్పందాల్లో దీనికి తోడు కొనుగోలు ఫీజు అని మూడు, నాలుగు వందల డాలర్లు ఉంటుంది.

ఈ ధర మూడేళ్ల క్రితం వేసిన ఊహ. మార్కెట్ దాన్ని దాటి పోయి ఉంటే లాభం మీది, దానికంటే పడిపోయి ఉంటే నష్టం ఫైనాన్సు కంపెనీది. మామూలు వినియోగదారుల లీజులన్నీ దాదాపు ఇలాంటివే. పడిపోయిన కారును రెసిడ్యువల్ ధరకు కొనడమంటే వాళ్ల నష్టాన్ని అడిగి మరీ నెత్తిన పెట్టుకోవడం.

మార్కెట్ ధర, అదీ రెండు రకాలు. మీ మోడల్, మీ ట్రిమ్ (ఆ మోడల్ లోని రకం), మీ మైళ్లు ఉన్న కారును డీలర్లు ఎంతకు అమ్ముతున్నారన్నది ఒకటి. మీ కారును వాళ్లు ఎంతకు కొంటారన్నది రెండోది. ఈ రెంటి మధ్య రెండు, మూడు వేల డాలర్ల తేడా సర్వసాధారణం. ఉంచుకోవాలనుకునేవారు మొదటి అంకెతోనూ, అమ్మేయాలనుకునేవారు రెండో అంకెతోనూ పోల్చుకోవాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే. కెల్లీ బ్లూ బుక్, ఎడ్మండ్స్ వంటి కార్ల ధరల సైట్లు చూపేవి అంచనాలు. పాత కార్లు కొనే కార్‌మ్యాక్స్ లాంటి చోట రాతపూర్వకంగా ఇచ్చే ఆఫరు అసలు డబ్బు. దానికి ఏడు రోజుల గడువు ఉంటుంది, కారు అమ్మాలన్న బలవంతమేమీ లేదు.

పన్ను. రాష్ట్రాన్ని బట్టి లెక్క మారిపోతుంది. టెక్సస్‌లో లీజు మొదట్లోనే కారు పూర్తి ధర మీద 6.25 శాతం పన్ను పడుతుంది, దాన్ని కంపెనీ సాధారణంగా మీకే వడ్డిస్తుంది. చివర్లో మీరు కొంటే అది కొత్త కొనుగోలు కింద లెక్క, మళ్లీ 6.25 శాతం. కాలిఫోర్నియాలో నెలనెలా కిస్తీ మీద పన్ను కడుతూ వస్తారు, కొనేటప్పుడు కొనుగోలు ధర మీద కడతారు. అక్కడ కనీస రేటు 7.25 శాతం, ఊరిని బట్టి పైకి పోతుంది. న్యూజెర్సీలో 6.625 శాతం. ఇరవై వేల డాలర్ల కారు మీద ఇది పన్నెండు వందలకు తగ్గని మాట, అయినా ఉత్తరంలోని బొమ్మల్లో కనబడదు.

తిరిగిచ్చేటప్పుడు పడే ఖర్చు. కారు అప్పగిస్తే డిస్పొజిషన్ ఫీజు ఉంటుంది, మూడు వందల యాభై, నాలుగు వందల డాలర్ల దరిదాపుల్లో. ఒప్పందంలో రాసిన మైళ్ల పరిమితి దాటిన ప్రతి మైలుకు 15 నుంచి 30 సెంట్లు. ఆపైన గీతలు, సొట్టలు, అరిగిన టైర్లు. కారు కొనేస్తే ఈ మొత్తంలో చాలా భాగం మాఫీ. అందుకే అతిగా తిప్పినవాళ్ల లెక్క వేరు.

ఎన్నాళ్లు ఉంచుకుంటారు? ఇది అంకె కాదు గానీ అన్నిటికంటే బరువైనది. ఇంకో నాలుగైదేళ్లు నడిపేవారికి ధరలో వెయ్యి డాలర్లు అటూ ఇటూ అయినా పెద్ద తేడా కాదు. ఏడాదిలో అమ్మేసేవారికి అదే సర్వస్వం.

## ఒక లెక్క వేసి చూద్దాం

టెక్సస్‌లోని ప్లేనోలో ఉండే ఒక కుటుంబం 36,000 డాలర్ల చిన్న ఎస్‌యూవీని మూడేళ్లకు లీజు తీసుకుంది అనుకుందాం. రెసిడ్యువల్ 58 శాతం, అంటే 20,880. మైళ్ల పరిమితి 36,000, తిరిగింది 40,000. దాటిన మైలుకు 20 సెంట్లు. అంతే తిరిగిన ఇలాంటి కారును డీలర్లు 24,500కు అమ్ముతున్నారు. ఈ కారుకు వచ్చిన ఆఫరు 21,500.

| లెక్క | ఈ కారే కొంటే | ఇలాంటిది బయట కొంటే |
|---|---|---|
| ధర | 20,880 | 24,500 |
| కొనుగోలు ఫీజు | 300 | లేదు |
| పన్ను, 6.25 శాతం | 1,305 | 1,531 |
| టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ (సుమారుగా) | 150 | 150 |
| లీజు కారు అప్పగింత ఫీజు | లేదు | 395 |
| దాటిన 4,000 మైళ్లు | లేదు | 800 |
| మొత్తం డాలర్లు | 22,635 | 27,376 |

తేడా 4,741 డాలర్లు. వీళ్లకు ఇలాంటి కారే మరో నాలుగేళ్లు కావాలంటే ఇక ఆలోచించడానికి ఏమీ లేదు, కొనేయాలి.

ఇందులో టైర్లు కలపలేదని గమనించే ఉంటారు. అరిగిన టైర్లకు ఆరు వందలు పడుతుందని భయపెట్టి కారు కొనిపించే డీలర్లున్నారు. కొన్నా ఆ టైర్లు మీరే మార్చుకోవాలి కదా! కొనడం వల్ల మిగిలేది ఫీజులు, మైళ్ల జరిమానా మాత్రమే.

ఇప్పుడు అదే కుటుంబానికి కారు వద్దు అనుకుందాం. ఇద్దరూ ఇంటి నుంచే పని, ఒక కారు చాలు. తిరిగిచ్చేస్తే 395, 800, టైర్లకు 600 కలిపి 1,795 డాలర్లు చేతి నుంచి పోతాయి. కొని 21,500కు అమ్మితే 1,135 నష్టం. నష్టానికి అమ్మినా 660 డాలర్లు మిగిలినట్టే! అయితే ఆ 660 కోసం టైటిల్ చేతికి వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూడాలి, మధ్యలో బీమా కట్టాలి, ఆఫరు పడిపోతుందేమోనని బెంగపడాలి. నేనైతే ఆ శ్రమ పడను. అదే బ్రాండు డీలరు దగ్గరికి వెళ్లి, నా లీజును మీరే తీర్చి కారు తీసుకుంటారా అని అడుగుతాను. డీలరు నేరుగా తీసుకుంటే నేను కొన్నట్టు కాదు గనక ఆ 1,305 పన్ను నా మీద పడదు.

## దారులు ఒక్కొక్కటిగా

కొనేయడం. మార్కెట్ ధర కంటే తక్కువకు వస్తుంటే, లేదా దానికి సమానంగా ఉండి ఎక్కువ కాలం నడపదలచుకుంటే ఇది మేలు. అంకెల్లో పట్టని లాభం ఒకటుంది: ఈ కారు చరిత్ర మొత్తం మీకు తెలుసు. ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఏ పార్కింగ్ లాటులో ఎవరు గుద్దారో తెలుసు. మన ఇంట పెరిగిన గేదెకూ సంతలో కొన్న గేదెకూ ఉన్న తేడా ఇది. నా అంచనాలో ఈ తెలిసినతనానికి ఐదు వందల నుంచి వెయ్యి డాలర్ల వరకూ విలువ కట్టవచ్చు. అంతకు మించి కట్టకండి, అక్కడి నుంచి మమకారం మొదలవుతుంది.

కొనేటప్పుడు మరచిపోయేది వారంటీ. టయోటా, హోండా వంటి కార్లకు మామూలు వారంటీ మూడేళ్లు లేదా 36,000 మైళ్లు, ఇంజను, గేరుబాక్సు వంటి భాగాలకు ఐదేళ్లు లేదా 60,000 మైళ్లు. అంటే లీజు ముగిసే రోజుకే మొదటిది ముగుస్తుంది. ఇకపై టచ్‌స్క్రీన్ చెడినా, ఏసీ చెడినా ఖర్చు మీదే.

అప్పు తీసుకునేట్టయితే ముందు మీ సహకార బ్యాంకులాంటి క్రెడిట్ యూనియన్‌ను అడగండి. లీజు తీర్చి కొనుక్కోవడానికని విడిగా రుణాలిస్తారు. డీలరు చెప్పే వడ్డీలో ఆయన వాటా కలిసి ఉండవచ్చు. మూడేళ్ల పాత కారుకు ఆరేళ్ల రుణం మాత్రం వద్దు. అది తీరేసరికి కారుకు తొమ్మిదేళ్లు నిండుతాయి.

తిరిగిచ్చేయడం. మార్కెట్ పడిపోయిన కారుకు ఇదే సరైన దారి, ముఖ్యంగా విద్యుత్ కార్లకు. 2023 నుంచి 2025 వరకు లీజుకిచ్చిన చాలా విద్యుత్ కార్లకు 7,500 డాలర్ల కేంద్ర పన్ను రాయితీ ఫైనాన్సు కంపెనీకి దక్కేది. దాన్ని కిస్తీలో తగ్గించి చూపారు గనక లీజులు చౌకగా కనిపించాయి. అటు రెసిడ్యువల్ ఎక్కువగా రాసుకున్నారు, ఇటు పాత విద్యుత్ కార్ల ధరలు బాగా పడ్డాయి. 2025 సెప్టెంబరు 30తో ఆ రాయితీ ఆగిపోయింది, వాడిన విద్యుత్ కారు కొన్నవారికి దక్కే 4,000 డాలర్ల వరకు రాయితీ కూడా అదే రోజుతో పోయింది. రెసిడ్యువల్ 30,000 ఉండి బయట అదే కారు 23,000కు దొరుకుతుంటే తాళాలు ఇచ్చేసి రావడమే. ఆ కారంటే మరీ ఇష్టమా? అలాంటిదే బయట 23,000కు కొనుక్కోండి. అంతకంటే ముందు ఫైనాన్సు కంపెనీకి ఒకసారి ఫోన్ చేసి ధర తగ్గిస్తారా అని అడగండి. వెనక్కి వచ్చిన కారును వేలంలో నష్టానికి అమ్ముకోవలసింది వాళ్లే.

టెస్లా వారికి ఇంకో మెలిక. 2019లో మోడల్ 3 లీజులు మొదలైనప్పుడే చివర కొనుక్కునే వీలు లేదన్నారు, ఆ కార్లను డ్రైవరు లేని రోబోటాక్సీలుగా తిప్పుతామన్నది అప్పట్లో చెప్పిన కారణం. 2022లో మిగతా మోడళ్లకూ అదే నియమం వచ్చింది. 2024 చివర్లో కొత్త లీజులకు ఆ వీలు కల్పించారు. మీ ఒప్పందం ఏ తేదీదో చూడకుండా ఈ వ్యాసంలోని మిగతా భాగం చదవడం వృథా.

డీలరుకు అమ్మడం. మార్కెట్ ధర రెసిడ్యువల్ కంటే పైన ఉండి, మీకు ఆ కారు వద్దనుకుంటే తిరిగిచ్చేయడం అంత తెలివితక్కువ పని లేదు. 36,000 మైళ్లకు డబ్బు కట్టి 18,000 మైళ్లే తిప్పినవారు తరచూ ఈ కోవలో ఉంటారు. తిరగని మైళ్లకు కంపెనీ పైసా వెనక్కివ్వదు, కానీ మైళ్లు తక్కువున్న కారు బయట ఎక్కువ ధర పలుకుతుంది. ఆ లాభాన్ని మీరు తీసుకోకపోతే డీలరు తీసుకుంటాడు. అయితే 2021 తర్వాత హోండా, జీఎం వంటి పలు సంస్థల ఫైనాన్సు విభాగాలు లీజు కారును బయటి కంపెనీలు నేరుగా కొనకుండా కట్టడి చేశాయి. అందుకే ముందుగా మీ ఒప్పందపు నియమం తెలుసుకుని, అది కుదరకపోతే అదే బ్రాండు డీలర్లు ఇద్దరు ముగ్గురి దగ్గర ఆఫర్లు తీసుకోండి.

"మా బావమరిదికి అలా నాలుగు వేలు మిగిలాయి" అని ఎవరైనా చెబితే ఏ ఏడాదో అడగండి. 2021, 2022లో చిప్‌ల కొరతతో కొత్త కార్లు దొరక్క పాత కార్ల ధరలు ఆకాశానికెక్కాయి, అంతకుముందు రాసిన రెసిడ్యువల్‌లు చాలా తక్కువగా ఉండిపోయాయి. ఆ తర్వాత రాసిన లీజుల్లో అంత ఖాళీ ఉంటుందని ముందే ఆశపడవద్దు.

గడువు పొడిగించడం. ఎవరూ ప్రచారం చేయని దారి ఇది. చాలా కంపెనీలు అదే కిస్తీకి నెలనెలా, కొన్ని నెలల వరకు పొడిగిస్తాయి. శాశ్వత పరిష్కారం కాదు, కానీ ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది.

కొత్త లీజు. అదే బ్రాండు మళ్లీ తీసుకుంటే సాధారణంగా అప్పగింత ఫీజు మాఫీ చేస్తారు. నాలుగు వందలు మిగిలాయన్న సంతోషంలో మూడేళ్ల కిస్తీకి సంతకం పెట్టేవారిని చూస్తే నాకు డీలరు తెలివి మీద గౌరవం పెరుగుతుంది.

## ఎవరికి ఏది?

హెచ్‌-1బీ మీద ఉండి ఉద్యోగం అటూ ఇటూగా ఉన్నవారికి నా సలహా సూటిగా ఉంటుంది: కొత్త లీజు మాత్రం తీసుకోవద్దు. ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో కొత్త ఉద్యోగం వెతుక్కుంటారా, లీజు వదిలించుకునే దారి వెతుక్కుంటారా? గడువుకు ముందే లీజు తెంచుకోవడం ఖరీదైన వ్యవహారం. సొంత కారైతే అప్పు ఉన్నా సరే, వారం రోజుల్లో అమ్ముకోవచ్చు. ఎడమవైపు స్టీరింగు ఉన్న కారును ఇండియాకు తీసుకెళ్లి నడిపే వీలు మామూలు మనిషికి ఎలాగూ లేదు. వీసా పొడిగింపు కాగితం రావలసి ఉంటే లీజును కొన్ని నెలలు పొడిగించి, అది చేతికి వచ్చాక తేల్చుకోవడం ఉత్తమం.

పదిహేనేళ్లు నిండిన పిల్లలున్న ఇల్లయితే కొనేవైపు మొగ్గు చూపండి. మరుసటి ఏడాది వాళ్లు నడపడం నేర్చుకోవడానికి ఇంట్లో ఉన్న, గీతలు పడినా గుండె ఝల్లుమనని కారు కంటే మంచిది దొరకదు. నగదుతో కొంటే కొన్నేళ్ల తర్వాత కొలిజన్ బీమా (గుద్దుకున్నప్పుడు మీ కారు నష్టానికిచ్చేది) తీసేసుకునే స్వేచ్ఛ మీది. అప్పు ఉంటే ఆ స్వేచ్ఛ ఉండదు.

రోజూ దూరాలు తిరిగేవారు, పరిమితిని పది పదిహేను వేల మైళ్లు దాటినవారు జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి. 12,000 మైళ్లు దాటితే మైలుకు 25 సెంట్ల చొప్పున మూడు వేల డాలర్లు. కొనేస్తే ఆ జరిమానా పోతుంది. కానీ అన్ని మైళ్లు తిరిగిన కారు బయట ధర కూడా తక్కువే గనక, పోల్చేటప్పుడు అన్నే మైళ్లు తిరిగిన కారుతోనే పోల్చాలి.

డాలస్ చుట్టుపక్కల వడగళ్ల దెబ్బ తిన్న కారు ఉన్నవారు బీమా క్లెయిమ్ వేయకుండా అప్పగింతకు వెళ్లవద్దు. ఇంటి కప్పు సంగతి గుర్తుంటుంది, కారు బానెట్ మీది గుంటలు అప్పగింత తనిఖీలో బయటపడతాయి.

## మోసపోయే చోట్లు

ఒప్పందంలో ఉన్న ధరకే కారు ఇవ్వాలి. అయినా కొందరు డీలర్లు సర్టిఫికేషన్ తప్పనిసరి అనీ, తనిఖీ ఫీజు అనీ, పెయింట్ రక్షణ పూత అనీ వెయ్యి, రెండు వేలు తగిలిస్తారు. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం ఇలాంటి అదనపు వసూళ్ల విషయంలో డీలర్లపై చర్య తీసుకుని వినియోగదారులకు డబ్బు వెనక్కి ఇప్పించింది. వీలైతే ఫైనాన్సు కంపెనీతో నేరుగా కొనుగోలు పూర్తి చేయండి. డీలరు ద్వారానే జరగాలంటే అన్నీ కలిపిన మొత్తాన్ని ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. కాగితాల ఫీజుకు కాలిఫోర్నియాలో 85 డాలర్లు, న్యూయార్క్‌లో 175 డాలర్లు పరిమితి. ఫ్లోరిడాలో పరిమితే లేదు.

అప్పగించేవారు గడువుకు రెండు నెలల ముందే ఉచిత తనిఖీ అడగండి. మనిషి ఇంటికే వస్తాడు. చాలా కంపెనీల కొలత క్రెడిట్ కార్డు: గీత దాని కింద దాగిపోతే సరే, బయటికి కనబడితే ఖర్చు. టైరు సంగతి మీరే చూసుకోవచ్చు. పావు డాలరు నాణేన్ని వాషింగ్టన్ తల కిందికి వచ్చేలా టైరు గాడిలో దూర్చండి. తల పైభాగం మొత్తం కనిపిస్తే గాడి అంగుళంలో ఎనిమిదో వంతు కంటే తక్కువుంది, చాలా కంపెనీలకు అది చాలదు. తనిఖీ నివేదిక వచ్చాక చిన్న సొట్టలను బయట తీయించుకోవడం కంపెనీ వేసే బిల్లు కంటే సాధారణంగా చౌక. పోయిన రెండో తాళాన్ని మాత్రం ఇంట్లో గట్టిగా వెతకండి, దానికి వందల డాలర్లు వేస్తారు.

అప్పగించే రోజు ఓడోమీటర్‌తో సహా నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని, అందినట్టు సంతకం చేసిన రసీదు అడగండి. కారులో నమోదైన మీ ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా, గ్యారేజీ తలుపు మీట, టోల్ ట్యాగు తీసేయండి. టోల్ ఖాతాలోంచి ఆ నంబరు ప్లేటును కూడా తొలగించకపోతే తర్వాతి యజమాని ప్రయాణాల బిల్లు మీకు వస్తుంది. లీజు ఖాతా మూసేసినట్టు ఫైనాన్సు కంపెనీ నుంచి చివరి ఉత్తరం వచ్చేదాకా ఈ కాగితాలేవీ పారేయకండి, అదనపు మైళ్ల బిల్లు కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు.